వాకాడు తీరం – నష్టభీతి, వాటా పెట్టుబడి: అర్మగాన్ బట్టల వర్తకం నుంచి రొయ్యల సాగు కర్బన ఉద్గారాల వరకు

వ్యాససంగ్రహం:

సరఫరా గొలుసులో కర్బన ఉద్గారాలను తగ్గించే ఖర్చు ఒకరిది, దాని ఫలితం మరొకరిది అయినప్పుడు చిన్న ఉత్పత్తిదారు వెనకడుగు వేస్తాడు. ఈ వెనకడుగును అర్థశాస్త్రం 'నష్టభీతి' అంటుంది. ముప్పును పంచుకునే సాధనంగా వాటా పెట్టుబడిని సూచిస్తుంది. వాకాడు తీరంలో ఈ రెండింటికీ నాలుగు శతాబ్దాల చరిత్ర ఉంది. 17వ శతాబ్దంలో దుగరాజపట్నంలో వెలసిన ఆంగ్లేయుల వర్తక స్థావరం, 1990 తర్వాతి రొయ్యల సాగు, 2014 చట్టంలో చేరిన ఓడరేవు ప్రతిపాదన అనే మూడు ఘట్టాల ద్వారా, ముప్పు పంపకం జరిగిన తీరే పెట్టుబడి నడకను నిర్ణయించిందని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: వాకాడు, దుగరాజపట్నం, అర్మగాన్, నష్టభీతి, వాటా పెట్టుబడి, రొయ్యల సాగు, కర్బన ఉద్గారాలు, సరఫరా గొలుసు.

1. ఉపోద్ఘాతం:

స్వర్ణముఖి నది సముద్రంలో కలిసే ప్రాంతంలో వాకాడు ఉంది. పూర్వపు నెల్లూరు జిల్లాలోని ఈ మండలం 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో తిరుపతి జిల్లాలో చేరింది. తూర్పున బంగాళాఖాతం, దక్షిణాన పులికాట్ సరస్సు, తీరం వెంబడి బకింగ్‌హామ్ కాలువ ఉన్నాయి. మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి స్వగ్రామంగా వాకాడు రాజకీయ చరిత్రలో ప్రసిద్ధం. ఆర్థిక చరిత్రలో దీని స్థానం గురించిన చర్చ మాత్రం తక్కువ.

ఒక వస్తువు ముడిసరుకు దశ నుంచి వినియోగదారుని చేరేవరకు చేతులు మారే క్రమమే సరఫరా గొలుసు. ఈ క్రమం పొడవునా వెలువడే కర్బన ఉద్గారాలకు చివరి కొనుగోలుదారు కూడా లెక్క చెప్పాలనే భావన 2011లో వెలువడిన 'స్కోప్ 3' ప్రమాణంతో స్థిరపడింది. ఆ ప్రమాణం ప్రకారం విదేశీ దుకాణంలో అమ్ముడయ్యే రొయ్యల పొట్లం లెక్కలో వాకాడు చెరువు గట్టున తిరిగే ఏరేటరు కూడా చేరుతుంది. లెక్క అక్కడిదాకా వచ్చింది. పెట్టుబడి ఎందాకా వచ్చిందన్నది ఈ వ్యాసం లేవనెత్తే ప్రశ్న.

2. అర్మగాన్ – వాటాదారుల ముప్పు, నేతగాని బయానా:

వాకాడు మండలంలోని దుగరాజపట్నాన్ని ఆంగ్లేయుల రికార్డులు 'అర్మగాన్' అన్నాయి. స్థావరం ఏర్పాటుకు తోడ్పడిన ఆర్ముగ ముదలియారు పేరు మీదుగా ఈ పేరు వచ్చిందని నెల్లూరు జిల్లా చరిత్రలు చెబుతాయి. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో స్థావరం పెట్టుకుంది. పులికాట్‌లో అప్పటికే డచ్చివారు పాతుకుపోయారు. అక్కడి గెల్డ్రియా కోట 1613 నాటిది. ఒకవైపు డచ్చివారి పోటీ, మరొకవైపు మచిలీపట్నంలో స్థానిక అధికారుల ఒత్తిడి. వీటి నడుమ ఆంగ్లేయులు 1625–26లో అర్మగాన్‌ను ఎంచుకుని, పన్నెండు ఫిరంగులతో చిన్న కోట కట్టారు. కోరమాండల్ తీరంలో వారు పటిష్ఠం చేసుకున్న మొదటి స్థావరం ఇదే.

ఈ స్థావరానికి సొమ్ము సమకూరిన పద్ధతి ముఖ్యమైనది. కంపెనీ తొలి నౌకాయాత్రలకు విడివిడిగా చందాలు పోగుచేసేవారు. ఓడ మునిగితే ఆ యాత్రకు చందా ఇచ్చినవారే నష్టపోయేవారు. 1613 తర్వాత అనేక యాత్రలకు కలిపి ఉమ్మడి నిధి సేకరించే పద్ధతి వచ్చింది. ఒక ఓడ నష్టాన్ని మరొక ఓడ లాభం పూడ్చే వీలు దీనితో కలిగింది. 1617 నాటి రెండవ ఉమ్మడి నిధికి దాదాపు 16 లక్షల పౌన్ల చందా వచ్చింది. డచ్చివారితో ఘర్షణలు, నష్టాలు చూసిన తర్వాత 1631 నాటి మూడవ నిధికి వచ్చింది సుమారు 4 లక్షల 20 వేల పౌన్లు మాత్రమే. లండన్ మదుపరుల నష్టభీతి ఈ రెండు అంకెల నడుమ కనిపిస్తుంది. అర్మగాన్ జీవితకాలం సరిగ్గా ఈ తగ్గుదల కాలంలోనే గడిచింది.

గొలుసుకు మరొక కొసన నేతగాడు ఉన్నాడు. వర్తకులు బయానా సొమ్ము ఇచ్చి బట్ట నేయించుకునేవారు. ఈ బయానాను నేతగాని మెడకు పడిన ఉరిగా చూడడం పరిపాటి. దక్షిణ భారత నేతగాళ్లపై పరిశోధించిన ప్రసన్నన్ పార్థసారథి దీనికి భిన్నమైన చిత్రాన్ని చూపారు. 18వ శతాబ్దపు మధ్యకాలం వరకు నేతగాడు బయానా తిరిగి ఇచ్చి ఒప్పందం నుంచి తప్పుకోగలిగేవాడు. వర్తకునికి అటువంటి వెసులుబాటు లేదు. పత్తి ధరో బియ్యం ధరో పెరిగితే నేతగాడు మంచి బేరం వెతుక్కునేవాడు. కొనుగోలుదారుల మధ్య పోటీయే అతని రక్షణ. 18వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో కంపెనీ రాజ్యాధికారంతో పోటీని అణచి, నేతగాళ్లను తనకే కట్టుబడేలా చేసినప్పుడు ఆ రక్షణ పోయింది. అప్పటి నుంచి బయానా బాకీగా మారింది.

అర్మగాన్ కథ అంతకు చాలా ముందే ముగిసింది. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుని వద్ద మద్రాసపట్నంలో స్థలం సంపాదించాడు. దక్షిణాన బట్ట చౌకగా దొరుకుతుందన్నది అతని ప్రధాన వాదన. 1640లో ఆంగ్లేయులు అక్కడికి తరలిపోయారు. మద్రాసు కోటకైన ఖర్చుపై లండన్ డైరెక్టర్లు చాలాకాలం గొణిగారు. పెట్టుబడి వెళ్లిపోవడానికి ఓడలున్నాయి. స్థావరాన్ని నమ్ముకున్న చుట్టుపక్కల గ్రామాలకు ఆ వీలు లేదు.

3. రొయ్యల చెరువు – పంపకం లేని ముప్పు:

1990 తర్వాత ఈ తీరానికి మళ్లీ ఎగుమతి వర్తకం వచ్చింది. ఈసారి సరుకు టైగర్ రొయ్య. ఉప్పునీటి కయ్యలు, వరి పొలాలు చెరువులయ్యాయి. నెల్లూరు తీరం అంతటా కంపెనీలు, వ్యాపారులు, చిన్న రైతులు సాగులోకి దిగారు. 1994–95లో తెల్లమచ్చ వ్యాధి తూర్పు తీరాన్ని కబళించింది. పెద్ద కంపెనీలు తమ నష్టాన్ని వాటాదారుల మధ్య సర్దుకుని చాలావరకు తప్పుకున్నాయి. చెరువులు తవ్వుకున్న చిన్న రైతులకు మిగిలినవి ఉప్పు పట్టిన నేల, తీర్చవలసిన బాకీ.

1996 డిసెంబరు 11న ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చింది. తీర నియంత్రణ మండలంలోనూ, చిలకా, పులికాట్ సరస్సుల చుట్టూ 1000 మీటర్ల లోపలా ఉన్న రొయ్యల చెరువులను తొలగించాలని ఆదేశించింది. పర్యావరణ నష్టానికి కారకులే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని వర్తింపజేసింది. పులికాట్‌ను ఆనుకున్న ఈ ప్రాంతానికి ఆ తీర్పు నేరుగా తగిలింది. సమీక్షా పిటిషన్లు, కొత్త బిల్లుల నడుమ అమలు నిలిచిపోయి, చివరకు 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం నమోదైన చెరువులకు చట్టబద్ధత కల్పించింది. పర్యావరణ వ్యయాన్ని ఎవరు భరించాలన్న ప్రశ్న ఈ తీరంలో కర్బన లెక్కలకు ముందే, న్యాయస్థానం ద్వారా వచ్చిందని దీనివల్ల తెలుస్తుంది.

2009లో వనామీ రొయ్యకు అనుమతి లభించడంతో సాగు మళ్లీ పుంజుకుంది. 2023–24లో భారతదేశం 17.8 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసి, 60,523 కోట్ల రూపాయలు ఆర్జించింది. అందులో ఘనీభవించిన రొయ్యలు 7.16 లక్షల టన్నులు. ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం.

ఈ అంకెల వెనుక ఉన్న ఒప్పందాల స్వరూపం మాత్రం మారలేదు. రైతు తరచుగా చెరువును లీజుకు తీసుకుంటాడు. మేత, మందులు డీలరు వద్ద అరువు. పంట చేతికి వచ్చాక కౌంటు ప్రకారం ఏజెంటు ధర చెబుతాడు. అరువు ఇచ్చినవాడికి బాకీ వసూలు హక్కు ఉంటుంది, పంట నష్టంలో భాగం ఉండదు. వ్యాధి, తుపాను, ధర పతనం అనే మూడు ముప్పులూ రైతువే. 2021 నవంబరు వరదలు నెల్లూరు ప్రాంతపు చెరువులను ముంచెత్తాయి. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ ప్రభావం చెరువు గట్టు ధరను తాకింది. పాతకాలపు నేతగానికి బయానా తిరిగి ఇచ్చి తప్పుకునే మార్గం ఉండేది. పిల్లను వదిలి, మేత వేసిన చెరువు నుంచి తప్పుకునే మార్గం రొయ్యల రైతుకు లేదు.

4. నష్టభీతి – స్వభావమా? పరిస్థితా?:

చిన్న రైతు కొత్త పద్ధతులకు వెనుకాడితే అతనికి సాహసం తక్కువని అనడం సులభం. ఈ అభిప్రాయాన్ని పరీక్షించిన ప్రయోగాలకు తెలుగు నేలతో సంబంధం ఉంది. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ 1975లో గ్రామ అధ్యయనాలు ప్రారంభించింది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు ఆ అధ్యయన గ్రామాలలోనివి. ఈ అధ్యయనాల నేపథ్యంలో హాన్స్ బిన్స్‌వాంగర్ గ్రామీణులకు నిజమైన సొమ్ముతో పందెపు ఎంపికలు ఇచ్చి వారి నష్టభీతిని కొలిచి, 1980లో ఫలితాలు ప్రకటించారు. పందెపు మొత్తం పెరిగేకొద్దీ దాదాపు అందరూ ఒక మోస్తరు నష్టభీతి చూపారు. పేద, ధనిక తేడా ఇందులో పెద్దగా కనిపించలేదు. అంటే పేద రైతు తక్కువ పెట్టుబడి పెట్టడానికి కారణం అతని స్వభావం అనడానికి ఆధారం లేదు. అప్పు దొరికే తీరు, నష్టాన్ని తట్టుకునే వనరులే కారణమని ఈ ఫలితం సూచిస్తుంది. 1993లో రోజన్‌జ్వైగ్, బిన్స్‌వాంగర్ ఇదే గ్రామ సమాచారంతో మరొక విషయం చూపారు. వాతావరణ ముప్పు పెరిగినచోట పేద రైతులు లాభాన్ని వదులుకుని, నిలకడగా ఉండే ఆస్తుల వైపు మళ్లుతారు.

మహబూబ్‌నగర్ జిల్లాలోనే 2003లో బేసిక్స్ సంస్థ ద్వారా వర్షాధార బీమా ప్రవేశించింది. ఈ బీమా కొనుగోళ్లను పరిశీలించిన జినే, టౌన్‌సెండ్, విక్రీ 2008లో ఒక విచిత్రమైన ఫలితాన్ని నమోదు చేశారు. నష్టానికి ఎక్కువగా భయపడే కుటుంబాలే బీమాను తక్కువగా కొన్నాయి. పరిచయం లేని సంస్థ అమ్మే కొత్త రక్షణ కూడా వారి కంటికి మరొక ముప్పుగానే కనిపించింది. ఉద్గారాల తగ్గింపు పథకాలకు ఈ పాఠం నేరుగా వర్తిస్తుంది. 'ఇది మీకు లాభం' అని చెప్పే సంస్థ తన సొమ్మును కూడా అదే చెరువులో పెట్టనంతకాలం రైతు దానిని అనుమానంతోనే చూస్తాడు.

5. ఉద్గారాలలో దాగిన భయం:

రొయ్యల సాగులో కర్బన ఉద్గారాలకు మేత తయారీ, చెరువు వద్ద వాడే విద్యుత్తు, డీజిలు ప్రధాన కారణాలు. వనామీని చదరపు మీటరుకు 60 పిల్లల వరకు వదలడానికి నిబంధనలు అనుమతిస్తాయి. అంత సాంద్రతలో రాత్రివేళ నీటిలోని ప్రాణవాయువు తగ్గుతూ, తెల్లవారుజామున అతి తక్కువ స్థాయికి చేరుతుంది. ఆ సమయంలో ఏరేటర్లు కొద్ది గంటలు ఆగినా పంట మొత్తం చచ్చిపోవచ్చు. అందుకే రైతు అవసరానికి మించి ఏరేటర్లు తిప్పుతాడు, కరెంటు పోతే ఆదుకోవడానికి డీజిలు జనరేటరు ఉంచుకుంటాడు. ఆ అదనపు యూనిట్లు, ఆ డీజిలు ఒక విధమైన బీమా ప్రీమియం. రాష్ట్రపు విద్యుత్తులో అధికభాగం బొగ్గుదే. కృష్ణపట్నం దగ్గర నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఇదే తీరం మీద ఉంది. రైతు భయానికి మూల్యం డబ్బుగా అతని లెక్కలోనూ, ఉద్గారంగా లోకం లెక్కలోనూ చేరుతుంది.

వ్యాధికీ ఉద్గారానికీ ఇటువంటి సంబంధమే ఉంది. అరవై రోజులు మేత తిన్న రొయ్య వ్యాధితో చనిపోతే, ఆ మేతకూ కరెంటుకూ అయిన ఉద్గారం అంతా మిగిలిన కొద్దిపాటి దిగుబడి మీద పడుతుంది. కిలో రొయ్యకు ఉద్గారం తగ్గాలంటే మొదట పంట బతకాలి. కాబట్టి ముప్పు తగ్గించే ప్రతి చర్యా ఉద్గారాలను తగ్గించే చర్య కావచ్చు. మంచి పిల్ల, నీటి పరీక్ష, నమ్మకమైన కరెంటు, పొదుపైన ఏరేటరు ఈ కోవలోవి. ఈ రెండు లక్ష్యాలూ పరస్పర విరుద్ధమన్న భావన ఈ కారణం చేత సరికాదు.

6. వాటా పెట్టుబడి ఎందాకా వచ్చింది?:

సరఫరా గొలుసు సిద్ధాంతం ఈ చిక్కును ఇలా వివరిస్తుంది. పొదుపైన ఏరేటర్ల ఖర్చు రైతుది. తక్కువ ఉద్గారాల సరుకు అమ్ముతున్నామన్న పేరు, దానితో పెరిగే గిరాకీ కొనుగోలు సంస్థవి. ఖర్చుకూ ఫలితానికీ పొంతన లేనందువల్ల పెట్టుబడి చాలినంతగా జరగదు. రైతుకు నష్టభీతి ఉంటే అది మరింత తగ్గుతుంది. కొనుగోలుదారు ఉత్పత్తిలో వాటా తీసుకుంటే లాభనష్టాలు రెండింటిలోనూ అతనికి భాగం వస్తుంది. ఉదాహరణకు 6 లక్షల రూపాయల పరికరాలను రైతు అప్పుతో కొంటే, పంట పోయినా 6 లక్షలూ తీర్చాలి. అందులో 4 లక్షలు కొనుగోలుదారు వాటాగా పెడితే రైతు మీద పడేది 2 లక్షల భారమే. అప్పు ఎంత తక్కువ వడ్డీకి ఇచ్చినా ఈ పని చేయలేదు.

వాటా పెట్టుబడి ఈ గొలుసులోకి రాలేదని చెప్పడానికి వీల్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో మేత కర్మాగారాలున్న అవంతి ఫీడ్స్‌లో థాయ్ యూనియన్ సంస్థకు దాదాపు నాలుగో వంతు వాటా, దాని రొయ్యల శుద్ధి సంస్థలో 40 శాతం వాటా ఉన్నాయి. సరఫరా గొలుసుతో సహా తన ఉద్గారాలను 2030 నాటికి 42 శాతం తగ్గిస్తామని థాయ్ యూనియన్ 2023లో ప్రకటించింది. అంటే అంతర్జాతీయ కొనుగోలుదారు వాటా మేత మిల్లు, శుద్ధి కర్మాగారం దాకా వచ్చింది. ఈ రెండింటి నడుమ ఉన్న చెరువు మాత్రం రైతు సొంత ముప్పుగానే ఉంది.

ఇందుకు చట్టపరమైన కారణం కూడా ఉంది. లీజు చెరువుల వ్యక్తిగత సాగులో వాటా అమ్మడానికి సంస్థ రూపం ఉండదు. రైతులు కలిసి ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టుకుంటే, దాని వాటాలు ఉత్పత్తిదారులకే పరిమితం. బయటి శక్తులు స్వాధీనం చేసుకోకుండా ఈ నియమం కాపాడుతుంది. అదే నియమం బయటి పెట్టుబడిని కూడా ఆపుతుంది. 2020 నాటి పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం ఈ లోటును కొంత పూడ్చడానికి సభ్యునికి 2,000 రూపాయల చొప్పున, సంఘానికి 15 లక్షల వరకు వాటా గ్రాంటును కల్పించింది.

ఉమ్మడి పద్ధతి ఫలిస్తుందని చూపే అనుభవం రాష్ట్రంలోనే ఉంది. తెల్లమచ్చ వ్యాధి అనంతరం ఎంపెడా, నాకా సంస్థలు పశ్చిమగోదావరి జిల్లా మొగల్తూరులో రైతులను సంఘాలుగా కూర్చి, ఒకేసారి పిల్ల వదలడం, కలిసి కొనడం, నీటి వదలింపులో క్రమం పాటించడం నేర్పాయి. ఆ అనుభవం మీదనే 2007లో కాకినాడ కేంద్రంగా నాక్సా ఏర్పడింది. పక్కవాని చెరువులో వ్యాధి తనదీ అవుతుందన్న ఎరుకే అక్కడ ఉమ్మడి పెట్టుబడికి పునాది.

7. దుగరాజపట్నం ఓడరేవు – పెద్ద పెట్టుబడికీ భయమే:

నష్టభీతి చిన్న రైతుకే పరిమితం కాదని ఇదే మండలం నిరూపిస్తుంది. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం పదమూడవ షెడ్యూలు ప్రకారం దుగరాజపట్నంలో కేంద్రం కొత్త మేజర్ పోర్టు నిర్మించాలి. తొలిదశ 2018 చివరికి పూర్తి కావాలి. ఉత్తరాన కృష్ణపట్నం రేవు పోటీ, పక్కన పులికాట్, శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం ఉన్నాయి. వాణిజ్యపరంగా గిట్టుబాటు కాదన్న అంచనాతో ఆ ప్రతిపాదన నిలిచిపోయింది. మరోవైపు అప్పటికే నడుస్తున్న కృష్ణపట్నం రేవులో అదానీ పోర్ట్స్ 2020లో 75 శాతం, 2021లో మిగిలిన 25 శాతం వాటా కొన్నది. తొలి ముప్పును మరొకరు భరించాకే పెద్ద వాటా పెట్టుబడి వచ్చింది. ప్రభుత్వాలూ పెద్ద కంపెనీలూ సాధ్యాసాధ్యాల నివేదిక చూసి ఆగిపోతే దానిని వివేకం అంటారు. అదే పని రైతు చేస్తే వెనుకబాటుతనం అంటారు. ఈ రెండింటినీ ఒకే ప్రమాణంతో చూడడం పరిశోధకుల బాధ్యత.

8. ముగింపు:

అర్మగాన్ నుంచి నేటి వరకు వాకాడు తీరం మూడు విషయాలను స్పష్టం చేస్తుంది. మొదటిది, పెట్టుబడిదారులు తమ ముప్పును పంచుకునే సాధనాలను ముందే నిర్మించుకున్నారు. ఉమ్మడి నిధి, పరిమిత బాధ్యత, సాధ్యాసాధ్యాల నివేదిక ఇటువంటివే. రెండవది, ఉత్పత్తిదారునికి రక్షణ లభించింది కొనుగోలుదారుల పోటీ వల్ల, తప్పుకునే హక్కు వల్ల. అవి పోయినప్పుడు బయానా బాకీ అయింది. మూడవది, నేటి రొయ్యల సాగు ఉద్గారాలలో కొంత భాగం పంపకం కాని ముప్పుకు రైతు ఒంటరిగా చేసుకున్న ఏర్పాటే.

కాబట్టి ఉద్గారాల తగ్గింపు భారం ధ్రువపత్రాల రూపంలోనో, అప్పుల రూపంలోనో చెరువు గట్టుకు చేరితే అది రైతు భయాన్ని పెంచుతుంది. వాటా రూపంలో చేరితే తగ్గించగలదు. ఆ వాటాకు హద్దులుండాలి. కొనుగోలుదారు వాటా మితిమీరితే రైతు తన చెరువు మీదనే కూలీ అవుతాడు. 18వ శతాబ్దపు నేతగాని అనుభవం ఇందుకు హెచ్చరిక. సంఘం ద్వారా వచ్చే వాటా, సరుకును ఇతరులకూ అమ్ముకునే స్వేచ్ఛ, 2024లో ఆమోదం పొందిన ప్రధానమంత్రి మత్స్య కిసాన్ సమృద్ధి సహ యోజన ప్రోత్సహిస్తున్న ఆక్వా బీమా అనే మూడూ కలిసినప్పుడే ముప్పు నిజంగా పంపకమవుతుంది. ఉద్గారాల లెక్క వాకాడు చెరువు దాకా వచ్చింది. నష్టంలో భాగం కూడా అక్కడిదాకా వచ్చినప్పుడే ఆ లెక్క న్యాయమైనది అవుతుంది.